సీసా మూతిలో దూది

నా బంగారు తల్లి నాగజ్యోతికి,

నంద్యాల బస్టాండులో కూర్చుని మీ నాయన రాసేది. ఫోనులో చెబుదామంటే మొదటి మాటకే ఏడుపొచ్చేస్తోంది తల్లీ. మన బోరు నీళ్లలో హాని చేసేంత ఆర్సెనిక్ విషం లేదు. ఇంకోసారి చదువుకో. మన నీళ్లు మంచివే.

మన వీధిలో నీళ్ల పరీక్షలు చేసే సురేష్, మన నీళ్లకు పరీక్ష కాగితం గోధుమరంగు తిరిగిందని, అంటే ఆర్సెనిక్ ఉన్నట్టేనని చెప్పినప్పటి నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు. తొలి కాన్పు పుట్టింట్లోనే అని మీ అమ్మ గదికి సున్నం వేయించి పెట్టుకుంది. మీ అత్త సుబ్బరత్నమ్మ ఆ నీళ్ల మీదికి పిల్లను పంపనంది. కాదనలేక నిన్ను పిలవడం మానుకున్నాను. నువ్వేమో నాయన పిలవడమే మానేశాడని అలిగావు. ఇరుగుపొరుగు బిందెలు మన గేటు దాటి రావడం మానేశాయి. ఆళ్లగడ్డ నుంచి క్యాన్లు మోసి మోసి నా భుజం పడిపోయింది.

చివరికి ఇక్కడి ల్యాబుకు నీళ్లు పట్టుకొచ్చి ఇచ్చాను. ఈరోజు రిపోర్టు తీసుకున్నాను. లూదియా అనే అమ్మాయి నీళ్లను యంత్రంలో పెట్టి చూసిందట. అంతటితో ఊరుకోక నా ముందే సురేష్‌కు స్పీకర్లో ఫోను చేసి, పరీక్ష ఎలా చేశావని అడిగింది. పరీక్ష సీసా మూతిలో ఉండే దూదిని, మాత్రల సీసాలో దూదిని తీసినట్టు తీసి పారేశాడట. మన నీళ్లకు మురిగిన గుడ్డు వాసన కదా, ఆ గ్యాసును కాగితం దాకా పోనీకుండా ఆపేది ఆ దూదేనట. అది లేకపోతే ఆ గ్యాసుకే కాగితం రంగు తిరుగుతుందట. "అది ప్యాకింగు అనుకున్యా అక్కా" అన్నాడు వాడు. తిట్టే ఓపిక కూడా లేక నవ్వేశాను.

రిపోర్టు పట్టుకుని నేరుగా మీ ఇంటికి పోయాను. నువ్వు పాఠాలు చెప్పడానికి బడికి పోయావు. మీ అత్త చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివింది. అనుమానముంటే ఇంకో ల్యాబులో చూపిస్తానన్నాను. దానికి ఆమె అంది:

"ఇంకెన్ని తిరుగుతావన్నా? నీ మొగం చూస్తాంటే నాకే భయమైతాంది. ఆదివారం వచ్చి పిల్చుకపో. నేనూ వస్తా. రెండు దినాలుండి ఆ నీళ్లే తాగుతా."

లేచి బస్సు ఎక్కే శక్తి లేదు తల్లీ, అలసటకో సంతోషానికో తెలియదు. ఈ ఉత్తరం అల్లుడు శశిధర్ అంగట్లో ఇచ్చి పోతాను. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. ఫోనులో ఆమె కూడా ఏడుస్తుంది. బస్టాండులో నేనొక్కణ్ని చాలు.

నీ నాయన,
మాధవయ్య