బండి ఎవరిది

బావా,

క్షేమం అడగడానికి రాయడం లేదు. నిన్న నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి, మా తమ్ముడి ముందు మీ ఆఫీసు లారీ లీజు కాగితాలు పరిచావట. "కంపెనీలో జీతానికి తోలితే జన్మంతా డ్రైవరువే. లీజుకు తీసుకో, నీ బండికి నువ్వే యజమానివి" అన్నావట. మూడేళ్ళ క్రితం నాకూ అదే చెప్పావు, నమ్మి సంతకం పెట్టాను.

ఆ తర్వాతి సంగతి వాడికి చెప్పలేదేం? ఘాట్ రోడ్డులో గేరుబాక్సు పోతే, "బండి నీది, నువ్వే బాగుచేయించుకో" అన్నావు. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, ఈ ట్రిప్పు వెళ్ళలేనంటే, "బండి మా ఆఫీసుది, ఆపితే లాక్కుంటాం" అన్నావు. జీతపు డ్రైవరునైతే తాళాలు మేనేజరు బల్ల మీద పడేసి పరుగెత్తేవాణ్ణి. భయపడి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాన్న లేడు.

తమ్ముడు ఈ ఉదయం కంపెనీలో జీతానికి చేరాడు. నేనే దగ్గరుండి చేర్పించాను.

నాన్న చివరి చూపుకు రాలేదని అక్క ఇప్పటికీ నాతో మాట్లాడదు. దాని కాపురం పాడవకూడదని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఆ ట్రిప్పుకు నన్ను పంపిందెవరో అక్కకు నీ నోటితోనే చెప్పు. ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నేనే వచ్చి, నీ ఎదుటే చెప్తాను.

నీ భార్య తమ్ముడు