అమ్మకి తెలిస్తే చంపేస్తుంది

జూన్ 9, సోమవారం

అక్క చెప్పిన యాప్ మా కప్పపిల్ల ఫోన్‌లో పెట్టేశాను, అది స్నానానికి వెళ్ళినప్పుడు. ఇక అది ఎవరికి ఏం రాసినా నా ఫోన్‌కి తెలుస్తుందట. ప్రమాదకరమైన మాట కనిపిస్తే అలర్ట్ కూడా వస్తుందట. పన్నెండేళ్ళ కూతురి చేతికి ఫోనిచ్చి నీకు నిద్రెలా పడుతోందే అని అక్క నెల నుంచీ నా బుర్ర తినేస్తోంది. నాకు నిద్ర బాగానే పట్టేది. అక్క అడిగాకే పట్టడం మానేసింది.

నడక రాకముందే నేను ఈత నేర్పే స్విమ్మింగ్ పూల్లో కాళ్ళాడించింది కాబట్టి కప్పపిల్ల. ఇప్పుడలా పిలిస్తే ఊరుకోదు. అందుకని ఇక్కడే రాసుకుంటాను.

జూన్ 12

పిల్లి వీడియోలు. మళ్ళీ పిల్లి వీడియోలు.

జూన్ 17, మంగళవారం, మధ్యాహ్నం



పొద్దున కొత్త బ్యాచ్. ఒక చిన్నది నా మెడ వదలదు. మెల్లిగా బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద చెయ్యి పెట్టాను. తీసేముందు "తీస్తున్నా" అన్నాను. ఎవరికైనా చెప్పే తీస్తాను. చెప్పకుండా తీస్తే పిల్ల తేలుతుంది, కానీ మర్నాటి నుంచి నన్ను నమ్మదు. ఈ సంగతి వాళ్ళమ్మకి పెద్ద తెలిసినదానిలా వివరిస్తుంటే నా ఫోన్ మోగింది.

మీ బిడ్డకు ప్రాణహాని ఉండవచ్చు, అని అలర్ట్.

తడి జుట్టుతో, మెడలో విజిల్‌తో స్కూలుకి పరిగెత్తాను. వాచ్‌మన్ కప్పపిల్లని పిలుచుకురావడానికి వెళ్ళాక గానీ అలర్ట్ పూర్తిగా చదవలేదు. స్నేహితురాలికి అది రాసిన మెసేజ్ కింద ఉంది. "మా అమ్మకి తెలిస్తే చంపేస్తుంది."

ప్రాణహాని నా నుంచేనట. అక్కడే గోడకానుకుని నవ్వేశాను. ఏడుపు కూడా వచ్చింది.

కప్పపిల్ల వచ్చి ఎవరికేమైందని అడిగింది. ఫోన్ చూపించాను. చదివి నవ్వబోయింది. అంతలో దాని మొహం మారిపోయింది. నా మెసేజ్ నీ ఫోన్‌లోకి ఎలా వచ్చింది, అని ఒక్కటే అడిగి క్లాసుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం

తలుపేసుకుంది. అన్నం పెట్టానంటే ఆకలి లేదంది.

జూన్ 18

ఇవాళ నోరు విప్పింది.

"నీళ్ళలో చెయ్యి తీసేముందు కూడా చెప్తావు కదమ్మా. నా ఫోన్‌లో పెట్టేముందు మాత్రం చెప్పలేదేం?"

తప్పయిపోయిందన్నాను. భయమేసిందన్నాను. దేనికని అడిగింది. ఎవరో తీయగా మాట్లాడి నిన్నేదో అడుగుతారు, నువ్వు నాకు చెప్పవు, అదే నా భయం అన్నాను.

దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది. తర్వాత చెప్పింది. పోయిన నెల బొమ్మలేసుకునే యాప్‌లో ఎవరో దాని బొమ్మలు తెగ మెచ్చుకున్నాడట. తర్వాత ఫొటో పంపమన్నాడట. మీ అమ్మకి చెప్పకు అన్నాడట. అది ఫొటో పంపలేదు, వాణ్ణి బ్లాక్ చేసింది. నాకు తెలిస్తే ఫోన్ లాక్కుంటానని చెప్పలేదు. చంపెయ్యడమంటే అదేనట.

నా చెయ్యి నిజంగానే దాని ఫోన్ వైపు వెళ్ళింది. అది చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు చేసింది సరైన పని అన్నాను. ఆ మాట ఆలస్యంగా వచ్చినా నిజంగానే వచ్చింది.

వాడి మీద ఇద్దరం కలిసి రిపోర్ట్ పెట్టాం. తెలియనివాళ్ళు మెసేజ్ చెయ్యకుండా సెట్టింగ్ మార్చింది, తనే మార్చింది. పడుకునేటప్పుడు ఫోన్లు హాల్లో ఉండాలన్నాను. నీది కూడానా అంది. చచ్చినట్టు ఒప్పుకున్నాను.

చివరికి మెసేజ్‌లు చదివే యాప్. డిలీట్ నొక్కేముందు "తీస్తున్నా" అన్నాను. ఊఁ అంది.

జూన్ 20

యాప్ తీసేశానని అక్కకి చెప్పాను. గట్టిగా క్లాసు పీకింది. ఫోన్ పెట్టేసేముందు మాత్రం గొంతు తగ్గించి, దాన్ని అసలు ఎలా మాట్లాడించావే అని అడిగింది.

జూన్ 26

కప్పపిల్ల ఏమీ చెప్పడం లేదు. చెప్పడానికేమీ లేదో, ఉన్నా చెప్పడం లేదో తెలియదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో.

జూలై 5

వంటింట్లోకి వచ్చి తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "చంపవుగా?" అంది.

చదివాను. చంపలేదు.