సాదా తిండి ఎవరిది?

జర్మనీ, మోజెల్ నది ఒడ్డు, జనవరి 12

లైసెన్సుల అధికారి ఎగ్బెర్ట్ నీసెన్ గారికి, ద్రాక్ష రైతు రొస్వీథా క్లెమ్మెస్ నమస్కారాలతో.

జూన్ ఒకటిన ఎప్పటిలాగే మా పెరట్లో బల్లలు వేసి, మా రీస్లింగ్ వైన్ మేమే పోస్తాం. ఏడాదికి నాలుగు నెలలకు మించకూడదు, పక్కన సాదా తిండే పెట్టాలి. చట్టం నాకు తెలుసు. ఈసారి తెరవకపోతే వైన్ పీపాల్లోనే ఉంటుంది, మా కొండవాలు తోట చేజారుతుంది.

తిండి: పుల్లటి రీస్లింగ్‌కి పొగబెట్టిన ట్రౌట్ చేప, ఆపిల్ గుజ్జుతో ఆలుగడ్డ అట్లు. కాస్త తీపి రీస్లింగ్‌కి మా వియత్నాం కోడలు లాన్ వండే మిరపకాయల చేప పులుసు.

ఇట్లు, రొస్వీథా

తా.క.: మొదటి ముద్దకే మా ఆయన ఏడ్చాడు. పెళ్లిలో కూడా ఏడవలేదు.

జనవరి 20

శ్రీమతి క్లెమ్మెస్ గారికి,

ట్రౌట్, అట్లు సాదావే. పులుసు కాదు. చూడగానే "ఇదేంటి?" అని అడగక్కర్లేనిదే సాదా తిండి. మీ ఉత్తరం చూసి మా ఆఫీసులో ఏడుగురూ అడిగారు.

భవదీయుడు, నీసెన్

తా.క.: నేను రెండుసార్లు అడిగాను.

జనవరి 26

నీసెన్ గారికి, ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను.

సాదా అంటే ఎవరికండీ? లాన్ పుట్టిన ఊళ్లో రిక్షా తొక్కేవాడు పొద్దున్నే తినేది అదే! మన కోట హోటల్లో నత్తల మీద బంగారు రేకు అద్ది పెడితే "ఇదేంటి?" అని ఒక్కరూ అడగరు. అడిగితే పరువు పోతుందిగా! మీ ప్రశ్నలన్నీ పేదవాడి గిన్నెకేనా? ఈ గురువారం గిన్నె, సీసా పంపుతున్నాను. తిని మాట్లాడండి.

"ఎందుకత్తయ్యా, వాళ్ల మొహాలకి అట్లు చాలు" అంటోంది లాన్.

రొస్వీథా

తా.క.: తిన్న చేత్తో కళ్లు తుడుచుకోకండి.

ఫిబ్రవరి 2

శ్రీమతి క్లెమ్మెస్ గారికి,

పరిశీలన సంఘం ఏమీ తేల్చలేకపోయింది. కారానికి రీస్లింగ్ తాగాం. రీస్లింగ్ చల్లబరిచింది కాబట్టి మళ్లీ పులుసు తిన్నాం. ఏది దేనికోసమో తెలియలేదు. ప్రతి గురువారం పంపండి. గిన్నె కాస్త పెద్దదైతే మేలు, సంఘంలో సభ్యులు పెరిగారు.

నీసెన్

తా.క.: ఒక కన్ను ఇంకా తెరుచుకోలేదు.

మే 25

నీసెన్ గారికి, ఓపిక అయిపోయినదాని చివరి మాట.

పదిహేడు గురువారాలు! శ్మశానాల శాఖ వాళ్లు కూడా చెంచాలు పట్టుకొచ్చారట. లాన్ వేళ్లు మిరపకాయలకి మంటెత్తుతున్నాయి. ఆడవాళ్ల చాకిరీతో కడుపు నింపుకోవడాన్ని పరిశీలన అంటారా? వారంలో బల్లలు వేయాలి. అవునో కాదో చెప్పండి!

రొస్వీథా

తా.క.: పోయినవారం "ఉప్పు తక్కువ" అని చీటీ పెట్టిందెవరు?

మే 29

శ్రీమతి క్లెమ్మెస్ గారికి శుభవార్త!

ఇప్పుడు గిన్నె చూసి మావాళ్లెవరూ "ఇదేంటి?" అనడం లేదు, "ఇంతేనా?" అంటున్నారు. కాబట్టి అది సాదా తిండే. అనుమతించాం.

అయితే జనవరి 29 నుంచి మీరు వైన్, తిండి క్రమం తప్పకుండా వడ్డిస్తున్నారు గనుక, ఈ ఏడు ఆ రోజే తెరిచినట్టు లెక్క. మీ నాలుగు నెలలు నిన్నటితో పూర్తయ్యాయి. పై ఏడాది జనవరిలో దరఖాస్తు చేసుకోగలరు.

నీసెన్

తా.క.: చీటీ నాదే.

జూన్ 1, సాయంత్రం

నీసెన్ గారికి,

ఈ ఉత్తరం మీ ఇంటికి పంపుతున్నాను, ఆఫీసులో మీకిక చోటు లేదు కాబట్టి.

మీ చట్టం మళ్లీ చదివాను. రైతు తన వైన్ తన సొంత ఇంట్లోనే పోయాలట. నాలుగు నెలలూ నేను వడ్డించానని మీరే రాసిచ్చారు, వడ్డించిందేమో మీ ఆఫీసు రెండో అంతస్తులో. అంటే అది మా ఇల్లు! పొద్దున్నే అక్కడ సామాను దింపాం. మీరు గుమ్మంలో నిలబడి "అమ్మా, ఇది ప్రభుత్వ కార్యాలయం!" అని అరిచారు. లాన్ ఏమంది? "కొంపలోకొచ్చేముందు చెప్పులు విప్పండి బాబూ" అంది.

మా ఇంట్లో మేం చుట్టాలకి పోసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. మీ లెక్క తప్పని రాసిస్తే రేపే ఖాళీ చేసి మా పెరట్లో బల్లలు వేసుకుంటాం.

ఆ ఇంటి యజమానురాలు, రొస్వీథా

తా.క.: కుక్కల లైసెన్సుకి వరసలో నిలబడ్డవాళ్లు మూడు పీపాలు ఖాళీ చేశారు. మీరెక్కడని ఒక్కరూ అడగలేదు.