ఉప్పు చేతికి ఇప్పనూనె

సాలూరు,
శుక్రవారం.

అప్పకు,

సాలూరు నుంచి నీ చెల్లెలు నూకాలు దండాలు. ఇక్కడ నేనూ మీ మరిదీ బాగానే ఉన్నాం. అక్కడ అమ్మ, బావ, నువ్వు బాగున్నారని తలుస్తున్నాను. అమ్మకు దగ్గు తగ్గిందా? బావ కొత్త వల దింపాడా? మీ కబురు అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యం చేశానని తిట్టుకోకు. ఉదయం పని, మధ్యాహ్నం పని, మధ్యలో ఈ చలి. మేము బాగానే ఉన్నాం.

ఇక్కడి చలి మన చలి కాదు. మన దగ్గర తెల్లారగట్ల సముద్రం మీంచి తడిగాలి వస్తుంది, దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. ఇక్కడ కొండల మీంచి దిగే గాలిలో తడి అన్నదే లేదు. చలి మొదలైన పది రోజులకే నా కాళ్ళు బూడిద పూసినట్టయ్యాయి. పిక్క మీద గోటితో గీస్తే తెల్లటి గీత. పలక కొనక్కర్లేదు, అక్షరాలు దిద్దుకోవచ్చు. పెదాలు పగిలి నవ్వలేను, మడమలు పగిలి నడవలేను. మీ మరిదికి వేళాకోళం. "నిన్ను సంద్రంలోంచి తీసి ఒడ్డున ఎండేసినట్టున్నాదే నూకాలూ" అన్నాడు. అన్నవాడు మర్నాడే లారీ మీద జయపురం వెళ్ళిపోయాడు. క్లీనరు పని కదా, వారంలో నాలుగు రోజులు ఘాటు రోడ్డు మీదే. కొండల్లో గొడవలని పోలీసులు లారీలు ఆపి వెతుకుతున్నారు, అందుకని ఇంకో రోజు ఎక్కువవుతోంది.

నేను లారీల షెడ్డు పక్కనున్న భోజనం హోటల్లో గిన్నెలు తోముతున్నాను. బూడిద, కొబ్బరి పీచు, చన్నీళ్ళు. చేతులకున్న కాస్త నునుపూ వాటితోనే పోయింది. తిండికి లోటు లేదు. పొద్దున్నే చోడి అంబలి పోస్తారు, మధ్యాహ్నం అన్నం. చేపే లేదు. సంతకు చెరువు చేప వస్తుంది కానీ బురద వాసన. ఎవరైనా ఇటువైపు వస్తే ఎండు నెత్తళ్ళు ఒక పొట్లం కట్టి పంపు.

మేము అద్దెకున్న ఇల్లు గౌరమ్మ పిన్నిది. రైతుల ఇంటి మనిషి, భర్త పోయాడు, ఒక్కర్తే ఉంటుంది. నోరు పెద్దది. నా కాళ్ళు చూసి, "ఏటే అమ్మీ, ఆ కాళ్ళేటి, మొసలి తోలు నాగున్నాయి? మీ కన్నోరు నీకు నూనె రాయనేదా?" అంది. ఆ రోజు నుంచి నన్ను తన చేతిలోకి తీసుకుంది.

ముందు సబ్బు మానిపించింది. పెసరపిండిలో పాల మీగడ, చిటికెడు పసుపు కలిపి ఒంటికి పట్టించుకోమంది. స్నానానికి నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. నేను పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటుంటే చెంబు లాక్కుంది. "ఒంట్లో ఉన్న జిడ్డంతా కాలవలో కలిపేత్తన్నావు, సాల్లే" అంది. ఒళ్ళు పొడిగా తుడుచుకోకూడదట. తడి ఉండగానే నువ్వులనూనె రాసుకుంటే లోపలికి దిగుతుంది. పెదాలకు వెన్న. నాలికతో మాత్రం తడుపుకోకూడదు, ఇంకా పగులుతాయి. మడమలకు మాత్రం ఇప్పనూనె. కొండవాళ్ళు సంతకు తెస్తారు. చలికి నెయ్యిలా గడ్డకట్టి ఉంటుంది. దాన్లో కాస్త తేనె మైనం వేసి కుంపటి మీద కరిగించి, చల్లారాక పగుళ్ళలో పెట్టి పాత గుడ్డ కట్టుకుని పడుకోవాలి. వాసనకు మీ మరిది వీధి అరుగు మీద పడుకుంటానన్నాడు గానీ, వారం తిరిగేసరికి మడమలు మూసుకున్నాయి. కాళ్ళు కాళ్ళలా ఉన్నాయి. బావ కాళ్ళూ పగులుతాయి కదా, ఆముదంతోనైనా ఇలాగే చేసి చూడు.

అప్పా, ఇక్కడిదాకా అమ్మకు వినిపించు. ఇక కళ్ళు లాగుతున్నాయని చెప్పి కాగితం మడిచేయి. మిగతాది ఒక్కర్తివే ఉన్నప్పుడు, పైకి కాకుండా కళ్ళతో చదువు. చివర అమ్మ పేరు మీద నాలుగు ముక్కలున్నాయి. ఇదంతా చదివాకే వాటిని ఆమెకు వినిపించాలి.

ఒళ్ళంతా బాగుపడింది, ఎడమ చెయ్యి తప్ప. బొటనవేలి కింద, చేతి వెనకవైపు రూపాయి బిళ్ళంత మేర చర్మం పాలిపోయి పొడిగా ఉంది. చలికేనని మీగడ రాశాను, నువ్వులనూనె రాశాను, ఇప్పనూనె రాశాను. అన్నిచోట్లా తగ్గింది, అక్కడ తగ్గలేదు. పోయిన సోమవారం పిన్ని కుంపటి మీంచి నూనె దించి, చల్లారిందనుకుని చెంచాతో నా చేతి మీద పోసింది. నేను హోటలు కబుర్లు చెబుతూనే ఉన్నాను. అదే నూనెలో వేలు పెట్టబోయి పిన్ని అబ్బా అని చెయ్యి వెనక్కి లాక్కుంది. నా చేతి మీద అప్పటికే బొబ్బ లేస్తోంది.

"కాలనేదేటే?" అంది.

"నేదు పిన్నీ. మాది ఉప్పు చెయ్యి" అన్నాను. గొప్పగానే అన్నానప్పా.

నీకు గుర్తుంది కదా. చేపలకు ఉప్పు వేసే తొట్టిలో, చేతికి ముళ్ళు గీసుకున్న గాట్లతో అందరం చేతులు పెట్టేవాళ్ళం. మంటకు ఒక్కొక్కరే చెయ్యి తీసేసేవారు. చివరిదాకా చెయ్యి తియ్యకుండా ఉన్నదానిదే ఉప్పు చెయ్యి, దానికే పెద్ద కోనం చేపలు ఉప్పు వెయ్యడానికిచ్చేవారు. పోయిన ఏడాది, మేమింకా ఇక్కడికి రాకముందు, నేను ఎడమ చెయ్యి పెట్టి తియ్యనేలేదు. నాతోపాటు అమ్మ ఒక్కర్తే మిగిలింది. "నా కూతురు, నా సెయ్యే వచ్చినాది" అని వీధి వీధంతా చెప్పుకుంది. మీరంతా మెచ్చుకున్నారు, నేను మురిసిపోయాను. మంట పుట్టకపోవడం పనితనం అనుకున్నాం అప్పా, అందరం.

గౌరమ్మ పిన్ని నా చెయ్యి వెలుతురులోకి లాగి తిప్పి తిప్పి చూసింది. మర్నాడు పొద్దున్నే నన్ను ఊరి చివర ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు కళ్ళు మూసుకోమన్నారు. కోడి ఈకతో తాకుతాను, ఎక్కడ తగిలిందో వేలితో చూపించు అన్నారు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కాసేపు చూసి, ఎప్పుడు మొదలుపెడతారు బాబూ అని అడిగాను. అయిపోయిందమ్మా అన్నారు.

పెద్దరోగం అప్పా, కుష్ఠు.

మొదట్లోనే వచ్చావు, మంచిదైంది అన్నారు. బిళ్ళలిచ్చారు. ఏళ్ళ తరబడి మానకుండా మింగాలి. చెయ్యి పాడవదు, వేళ్ళు పోవు. ఆ బిళ్ళంత మేర మాత్రం స్పర్శ తిరిగి రాకపోవచ్చు అన్నారు. బయటికొచ్చి చెట్టు కింద నిలబడ్డాను. ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు. వెళ్ళి గిన్నెలు తోమాను. ఈ నాలుగు రోజులుగా నాకు ఏమీ అనిపించడం లేదు. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను. ఆ మచ్చ ఒంటి నిండా అయినట్టుంది.

మీ మరిదికి చెప్పాను. వదిలేస్తాడనుకున్నాను. "మందున్నాది గదా, తిను. ఊళ్ళో ఎవులికీ సెప్పకు" అన్నాడు. పిన్ని నా చెంబు, కంచం వేరుగా పెట్టింది. కానీ నూనె ఇప్పటికీ తనే రాస్తుంది, అదీ ఆ చేతికే ముందు. "గుడ్డి కన్నా మెల్ల మేలు. సేతి ఏళ్ళుండగానే తెలిసింది, ఏడవకు" అంది. నేను ఏడవడం లేదని ఆమెకు తెలియలేదు.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే లేదన్నాను. ఇంటికొచ్చాక అమ్మ చిటికెన వేలు గుర్తొచ్చింది. నాలుగేళ్ళుగా వంగే ఉంది కదా. గంప మోసి మోసి వంగిందని అనుకున్నాం. పొయ్యి మీంచి మసిగుడ్డ లేకుండా కుండ దించుతుంది. ఆల్చిప్ప గీసుకుని అరికాలు రక్తం కారుతుంటే నువ్వు చూసి చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి డాక్టరుకు ఇవన్నీ చెప్పాను. వంగిన వేలి మాట చెప్పలేను, మిగిలినవి కాపాడొచ్చు, ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి అన్నారు. అప్పా, ఆమె ఇంకా తొట్టిలో చేతులు పెడుతూనే ఉంటుంది. నువ్వు కూడా కళ్ళు మూసుకుని బావ చేత ఈకతో తాకించుకుని చూసుకో. తెలిస్తే భయం లేదు.

రోగం పేరు చెబితే అమ్మ రాదు. ఆ పేరు పొక్కితే మన చేప ఎవరూ కొనరని ఆమెకు తెలుసు. ఊరికే చూసిపొమ్మంటే ఉప్పు పని వదలదు. ఒక్క మాటకే వస్తుంది. నా పెళ్ళై నాలుగేళ్ళు, ఆ మాట కోసం ఆమె మొక్కని దేవత లేదు. ఆ మాటే కింద రాశాను. అది అబద్ధం అప్పా. నువ్వు సంతోషంగా ముఖం పెట్టి చదువు. చీపురుపల్లిలో రైలెక్కించి, దారిలో ఒకసారి రైలు మారి బొబ్బిలిలో దిగండి, అక్కడి నుంచి సాలూరుకు చిన్న రైలుంది. నువ్వూ తోడు రావాలి. ఇక్కడికొచ్చాక నిజం నేను చెబుతాను. కొడితే నన్నే కొడుతుంది. రాస్తుంటే నాకు పాపమనిపించాలి, అదీ అనిపించడం లేదు. ఈ కాగితాలు పొయ్యిలో వెయ్యి. చివరిది ఉంచు.

అమ్మా,

నీ పాదాలకు నూకాలు దండాలు. నీకో మంచి కబురు. నాకు నెల తప్పింది. ఇప్పుడు మూడో నెల. పుల్లటిదే తినాలనిపిస్తోంది, చేప పులుసు కలలోకొస్తోంది. మీ అల్లుడు ఎగిరి గంతేశాడు. భయపడకు, నేను బాగున్నాను, నన్ను అందరూ బాగా చూసుకుంటున్నారు. కానీ తొలిచూలు కదా, నువ్వు దగ్గరుంటే ధైర్యం. ఉప్పు పని ఎవరికైనా అప్పగించి అప్పతో కలిసి ఈ వారంలోనే బయల్దేరి రా. బావకు నమస్కారాలు, వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు. నన్ను దీవించు. త్వరగా రా అమ్మా, వచ్చి నా కడుపు మీద నీ చెయ్యి పెట్టి చూద్దువు గాని.

ఇట్లు,
నీ చిన్న కూతురు
నూకాలు