అనంతయ్య చేను మట్టి

12 జూన్ 2012
కొత్వాల్‌గూడ రైతుల మట్టి శాంపిళ్లు ల్యాబ్‌లో టెస్ట్ చేశాను. నేలకి సారమిచ్చే కార్బన్ మిగతా చేలన్నింటిలో 0.3, 0.4 పర్సెంట్. అనంతయ్య చేనులో మాత్రం 1.1. ఈ ఎర్ర నేలల్లో అంత ఎప్పుడూ చూడలేదు. తప్పేమోనని మళ్లీ చేశాను. అదే.

14 జూన్
వెళ్లి అనంతయ్యకి చెప్పాను. ఆయన కౌలు రైతు. నలభై ఏళ్లుగా అవే రెండెకరాలు. ఏం వేశారని అడిగితే, "ఏమేస్తం బిడ్డా? పెంట, చెరువు మన్ను, రాలిన ఆకు. ఏది దొరికితే అది దానికే" అన్నాడు. ఆకులు గాలిలోంచి లాగిన కార్బన్‌ని ఈయన ఇన్నేళ్లూ నేలలో దాచాడు. గాలిలో కంటే మట్టిలోనే ఎక్కువ కార్బన్ ఉంటుందన్నాను. "గట్లనా!" అని నవ్వి జొన్నరొట్టె పెట్టాడు.
రిపోర్ట్‌లో "చాలా శ్రేష్ఠమైన పైమట్టి" అని రాశాను. ఒక కాపీ పట్టాదారు మల్లేశ్వర్‌కి. రూల్ అది.

19 ఫిబ్రవరి 2013, సాయంత్రం 5
మధ్యాహ్నం అనంతయ్య ఫోన్. "సిల్వియమ్మా, జర జల్ది రా. మన్ను తీస్తున్రు."
నేను వెళ్లేసరికి జేసీబీ, మూడు టిప్పర్లు. చేను చాలావరకు రెండడుగులు దిగిపోయింది. మట్టి ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద కట్టే రిసార్ట్ లాన్ కోసమట. ఆపమని మల్లేశ్వర్‌ని బతిమాలాను. ఆయన సెల్‌లో ఫొటో చూపించాడు. నా రిపోర్ట్, నా సంతకం. "గింత మంచి మట్టి అని మాకేం తెలుసు మేడం? మీరు రాస్తేనే గదా తెలిసింది" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే థాంక్స్ చెప్పాడు.
అనంతయ్య విన్నాడు. నా వైపు చూడలేదు.

20 ఫిబ్రవరి
తవ్వి ఎండకు పోసిన మట్టిలోని కార్బన్ మళ్లీ గాలిలో కలుస్తుంది. రైతులకు ఎన్ని ట్రైనింగుల్లో చెప్పానో ఈ మాట.

6 మే
అనంతయ్య ల్యాబ్‌కి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేనులో మిగిలిన మొరం ఒక కవర్లో తెచ్చాడు. టెస్ట్ చేశాను. 0.1. మళ్లీ మునుపటిలా కావాలంటే ఎన్నేళ్లు పడుతుందని అడిగాడు. అబద్ధం నోటికి రాలేదు. నలభై అన్నాను.
"నాకు అరవై ఆరు" అన్నాడు. ఖాళీ కవర్ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

9 జూన్
పెద్ద వాన. చేను గుంతయింది, గుంత నిండింది. అనంతయ్య అక్కడే ఉన్నాడు. నీళ్ల అడుగు నుంచి బుడగలు లేస్తున్నాయి. ఏందవి అన్నాడు. గాలి అన్నాను. అవి ఆగేదాకా ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం.