బురద మడిలో పోటీ పెట్టండి

మిర్యాలగూడ పరుగు పోటీల అధికారి గారికి,

నా పేరు జానమ్మ. డెబ్బై రెండేళ్లు. వేములపల్లిలో నేనూ, మనవరాలు దీవెనా ఉంటాం. నేను చెబుతుంటే పక్కింటి సురేందర్ రాస్తున్నాడు.

లారీ కింద కాలు పోయిన దీవెన, పెట్టుడు కాలుతో రెండేళ్లు మీ పోటీల్లో చివర వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మొన్న మొదట వచ్చింది. "గది కాలు గాదు, స్ప్రింగు" అని ఓడిన పిల్ల తండ్రి ఒకాయన లొల్లి చేస్తే, సూర్యాపేట పోటీకి పంపేవాళ్ల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు.

స్ప్రింగు ఎంత ఎగరేస్తుందో నాకు తెలియదు. మీరూ కొలవలేదు. నాట్లకు దమ్ము చేసిన మా బురద మడిలో మాత్రం ఆ కాలు దిగబడిపోతుంది. అక్కడ పోటీ పెట్టండి. దీవెన ఓడితే, గెలిచిన పిల్లతో "నీ సొంత కాళ్లు నీకు ఎక్కువైనయి, పక్కకు జరుగు" అంటారా సారూ? అనలేకపోతే నా మనవరాలి పేరు తిరిగి రాయండి.

జానమ్మ వేలిముద్ర

సాక్షులు: మత్తయ్య, సురేందర్