ఈత కొట్టడం

అక్కా,

ఫోన్‌లో నేను అరవడం, నువ్వు "ఆఁ?" అనడం, పక్కింటావిడ కొట్టుకుంటున్నామేమోనని తలుపు తీసి చూడడం, ఇవన్నీ చాలించి ఉత్తరాలు రాసుకుందామన్నావు కదా. ఇదిగో రాస్తున్నాను. నీ చెవులు మొరాయించినందుకు శిక్ష నా చేతికి పడింది. అక్షరాలు వంకరగా ఉన్నాయని దిద్దడానికి కూర్చోకు. ఎర్రపెన్ను నువ్వు రిటైరైన రోజే నాకిచ్చేశావు, గుర్తుందిగా.

ఇంగ్లీషు మౌఖిక పరీక్షలు సోమవారం మొదలయ్యాయి. నువ్వు పాతికేళ్లు కూర్చున్న గదే. అదే ప్లైవుడ్ గోడ, వరండాలో ఎవరైనా గొంతు సవరించుకుంటే లోపల వినపడుతుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మధ్యలో రికార్డరు, కార్డుల కట్ట. మనిషికి పదకొండు నిమిషాలు. కార్డులు కూడా మారలేదు. ఒకదాని మీద నీకిష్టమైన ఆట, ఇంకోదాని మీద నీ హాబీ. పదిహేనేళ్ల పిల్లలు ఆటల గురించైతే బెదురు లేకుండా ఇంగ్లీషు మాట్లాడతారని ఏ మహానుభావుడికి తోచిందో గానీ, నిన్న ఒక్కరోజే పద్దెనిమిది మంది తమ హాబీ స్టాంపులు సేకరించడం అని అప్పజెప్పారు. వాళ్లలో ఒక్కరైనా స్టాంపు నాలుకతో తడిపి ఎరుగుదురా? చదరంగం ఆడతానన్న పిల్లని గుర్రం ఎలా నడుస్తుందని అడిగితే "ఫాస్ట్, మేడమ్" అంది. నవ్వాపుకోలేక దగ్గు నటించాను.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఈ పూట వచ్చిన ఈత పిల్ల గురించి. జుట్టు ఇంకా తడిగానే ఉంది, ఈతకొలను మందు వాసన గదంతా నిండింది. ఇంత ఎండల్లోనూ మణికట్టు దాకా చేతుల చొక్కా. వాళ్ల నాన్నే కోచ్ అట. వరండాలో కూర్చున్నాడు, మెడలో ఈల తాడు. మహా మర్యాదస్థుడు, నేను వస్తుంటే లేచి నిలబడ్డాడు. తనకి ఇంగ్లీషు ముక్క రాదనీ, పిల్లయినా నేర్చుకోవాలనీ చెప్పాడు. పిల్లకి ఆట కార్డు వచ్చింది. కాసేపు కార్డు కేసి చూసి, తలుపు కేసి చూసి, ఒక్కో మాటా ఏరుకున్నట్టుగా చెప్పింది: "మై ఫాదర్ బీట్స్ మీ ఎట్ స్విమ్మింగ్ ఎవ్రీ మార్నింగ్."

నీకు అర్థమైపోయి ఉంటుంది. ఈత కొట్టిస్తాడు! మనం ఈత కొడతాం, చప్పట్లు కొడతాం, గంట కొడతాం. ఆ కొట్టడాన్ని పాపం అలాగే ఎత్తుకెళ్లి ఇంగ్లీషులో పడేసింది. నాకు ముచ్చటేసింది. "వి డోంట్ సే బీట్" అని చెప్పి, సరైన వాక్యం నేర్పాను: మై ఫాదర్ మేక్స్ మీ స్విమ్. రెండుసార్లు అనిపించాను కూడా. ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసి "సారీ, మేడమ్" అంది. ఆ తర్వాత ఇక నోరు విప్పలేదు. ఏం చేస్తాను, పదికి నాలుగు మార్కులు వేశాను. అయిదొస్తే గానీ పాస్ కాదు కదా, ఆరు వారాల తర్వాత మళ్లీ రావాలి. 'ఏం చెప్పారని కాదు, ఎలా చెప్పారని చూడు' అని నువ్వు నేర్పిన సూత్రం తప్పలేదు.

కొత్త పరీక్షకుల శిక్షణకి ఆఫీసువాళ్లు ఏదో పుస్తకం వేస్తున్నారట, పిల్లలు చేసే తప్పులు పంపమన్నారు. ఈ ముత్యాన్ని పంపేశాను. నువ్వూ నవ్వుకో.

నీ చెల్లి

*

అక్కా,

నువ్వు నవ్వావని రాశావు. ఆ ఉత్తరం మడిచి లోపల పెట్టేశాను. నీ తప్పు కాదు, నవ్వమన్నది నేనే.

మొన్న ఆ శిక్షణ పుస్తకం మొదటి కాపీ వచ్చింది. పద్నాలుగో పేజీలో ఈత పిల్ల వాక్యం, పక్కన ఎర్రగా ఇంటూ మార్కు. టీ గదిలో ఒకరి తర్వాత ఒకరు పైకి చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఎవరు పట్టారీ వాక్యం అంటే నేనేనని చెయ్యెత్తాను. ఆ చెయ్యి నరుక్కోవాలని ఉంది ఇప్పుడు.

ఇవాళ ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి హాబీ కార్డు. స్టాంపుల సేకరణ గురించి తడుముకోకుండా ఎనిమిది వాక్యాలు అప్పజెప్పింది, ఒక్క అక్షరం జారలేదు. కార్డు తిరిగివ్వడానికి చెయ్యి చాపినప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి కింద తాడు మందాన నాలుగు చారలు. రెండు పాతవి, రెండు ఇంకా ఎర్రగా ఉన్నాయి. వరండాలో వాళ్ల నాన్న ఈల తాడుని వేలికి చుట్టి విప్పుతూ కూర్చోవడం నేను లోపలికి వస్తూ చూసిందే.

కార్డు దాటి మాట్లాడకూడదని తెలుసు. రికార్డరు తిరుగుతోందనీ తెలుసు. అయినా ఈత సంగతేమిటని అడిగాను. "మై ఫాదర్ మేక్స్ మీ స్విమ్, మేడమ్" అంది. నేను నేర్పిన వాక్యం, నేను నేర్పిన ఉచ్చారణతో. బల్ల మీదికి వంగి, ఇంగ్లీషులోనే, కొడతాడా అని అడిగాను. ఆ పిల్ల తలుపు కేసి చూడలేదు, నా కేసీ చూడలేదు. రికార్డరుని చూస్తూ చెప్పింది.

"వి డోంట్ సే బీట్, మేడమ్."

అక్కా, ఆ వాక్యంలో ఒక్క తప్పూ లేదు. పిల్లలందరూ మింగేసే చివరి 'ట్' కూడా మింగలేదు. ప్లైవుడ్ గోడ అవతల వాళ్ల నాన్న ఉన్నాడు. తెలుగులో చెబితే ఆయనకి వినపడుతుంది. ఆయనకి అర్థంకాని భాష ఇదొక్కటే, ఆయన లేకుండా ఒక పెద్ద మనిషి ఎదురుగా కూర్చునే పదకొండు నిమిషాలూ ఇవే. ఎన్ని రోజులు కూడబలుక్కుని తెచ్చుకుందో ఆ వాక్యాన్ని. నేను దాన్ని చేతిలోంచి లాక్కుని, దిద్ది, ఇది అనకూడదమ్మా అని తిరిగి పంపేశాను. రెండుసార్లు అనిపించి మరీ పంపాను.

ఇక మార్కులు వేయాలి. ఫెయిల్ చేస్తే ఆరు వారాల తర్వాత మళ్లీ నా ముందు కూర్చుంటుంది. కానీ మొదటిసారి నాలుగు మార్కులతో ఇంటికెళ్లిన పిల్లకి ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు తెలుసు కదా. పది వేశాను. పాసైన పిల్ల ఇక ఈ గదికి రాదు. అందుకని ఇది ఇక్కడితో వదలను. రేపు ఆఫీసులో ఫిర్యాదు రాసిస్తాను. ఉద్యోగానికి ఎసరు వస్తే రానీ.

నీ చెల్లి

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాసిన వాటిలో ఇదే చిన్నది. ఇరవయ్యేళ్ల కింద సైకిలు తన హాబీ అన్న పిల్లవాడు 'మై అంకుల్ డ్రాప్స్ మీ ఫ్రమ్ ద సైకిల్' అంటే, పడేస్తాడన్న మాటని సైకిలు మీద దింపుతాడనుకుని, 'ఫ్రమ్' కాదు 'ఆన్' అని దిద్దానన్నావు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి అని కూడా రాశావు. ఈ జవాబు రాయడానికి నెల్లాళ్లు పట్టింది. ఓదార్చమని నువ్వు అడగలేదు, నాకూ చేత కాదు.

విచారణ సంగతి చెబుతాను. పిల్ల చదివే బళ్లోనే, హెడ్‌మిస్ట్రెస్ గదిలో జరిగింది. ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. తండ్రినీ కూతుర్నీ కలిపే పిలిచారు. విడిగా అడగండని ముందే బతిమాలాను. మైనరు పిల్లని తండ్రి లేకుండా అడగకూడదట, రూలు. మొదటి రికార్డింగు వినిపించమన్నాను. నెల దాటితే చెరిపేస్తారట, అదీ రూలే. రెండోదాంట్లో ఏముంది, కొడతాడా అని నేనడగడం, అలా అనకూడదని పిల్ల చెప్పడం. ఇక మిగిలింది నా మార్కుల కాగితం. అధికారి దాన్ని పైకి చదివాడు. ఎర్రసిరాతో నేనే రాశాను: మాతృభాష ప్రభావం, క్రియ తప్పు, భావం ఈత కొట్టిస్తాడని. కింద నా సంతకం.

"అర్థం కూడా మీరే రాసి సంతకం పెట్టారు కదమ్మా, మళ్లీ ఇప్పుడు ఈ కొత్త అర్థం ఏమిటి?" అన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ చెడ్డది కాదు. గొడవ లేకుండా తేల్చాలని ఆవిడ తాపత్రయం. ఇంగ్లీషులో బీట్ అంటే ఓడించడం కూడా కదండీ, ఈతలో నాన్న నన్ను రోజూ ఓడిస్తాడని చెప్పిందేమో పాపం అంది. గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. తండ్రి కూడా నవ్వి, అది మాత్రం నిజమేనండీ, ఇప్పటికీ నన్ను దాటలేదు అన్నాడు. చేతి మీద చారలు కొలనులో కట్టిన తాళ్లు ఒరుసుకుని వచ్చాయన్నాడు. ఒక్క వాక్యానికి మూడు అర్థాలు దొరికాయి. నిజమైనదాన్ని వదిలేసి, మిగతా రెండింట్లో ఏది బాగుందో చూసుకున్నారు.

చివరికి అధికారి పిల్లనే అడిగాడు, తెలుగులో, చాలా ప్రేమగా. నువ్వేం చెప్పాలనుకున్నావమ్మా అని. ఆ పిల్ల లేచి నిలబడింది.

"తప్పు చెప్పానండీ. మేడమ్ దిద్దారు."

అంతే. వెళ్లేటప్పుడు తండ్రి నాకు దణ్ణం పెట్టాడు. మీరు పట్టుబట్టి దిద్దబట్టే దీనికి పదికి పది వచ్చాయండీ అన్నాడు. ఆయన గొంతులో వెక్కిరింత వెతికాను. లేదు. నాకు అదే ఇంకా భయమేసింది. ఆ పిల్ల మాత్రం నన్ను దాటి వెళ్తూ ఒక్కసారి చూసింది. కోపంగా చూస్తే బాగుండును. బల్లనో కుర్చీనో చూసినట్టు చూసింది.

పోలీసుల దగ్గరికి కూడా వెళ్లాను. నా కాగితం జిరాక్సు చూసి నాకే తిరిగిచ్చారు. పది రోజుల తర్వాత బడికి ఫోన్ చేస్తే, పిల్లకి టీసీ తీసుకున్నారన్నారు. పెద్ద కొలను ఉన్న ఊరేదో వెతుక్కుని వెళ్లారట. ఏ ఊరో ఎవరికీ తెలియదు. బడి నుంచి కొత్త బడికి ఏమేం వెళ్లాయని అడిగాను. మార్కుల జాబితా, నా సంతకంతో ఉన్న ఇంగ్లీషు సర్టిఫికెట్టు వెళ్లాయట.

నన్ను మౌఖిక పరీక్షల నుంచి తీసేశారు. ఇప్పుడు స్టోరు గదిలో రాత పేపర్లు నంబర్ల వరసలో పేరుస్తున్నాను. పేపర్లు మాట్లాడవు కాబట్టి నేను వినకుండా పోయేదేమీ లేదని పెద్దాయన ఒకాయన జోకు వేశాడు. నవ్వాను కూడా.

ఈ స్టోరు గదిలోనే శిక్షణ పుస్తకాల కట్టలున్నాయి. నాలుగొందల కాపీలు, వచ్చే వారం అన్ని ఊళ్లకీ వెళ్తాయి. పద్నాలుగో పేజీ తీయించమని మూడు అర్జీలు పెట్టుకున్నాను, అచ్చయినవి మార్చడం కుదరదన్నారు. ఇక నుంచి ఏ ఊళ్లో ఏ పిల్ల ఆ మాట చెప్పినా, ఎదుటివాళ్లు పుస్తకం గుర్తొచ్చి నవ్వుతారు. ఎలా దిద్దాలో కూడా అందులోనే ఉంది, నా వాక్యమే.

ఇవాళ మధ్యాహ్నం ఒక కట్ట విప్పి, పై కాపీ తీసి, నీ ఎర్రపెన్నుతో ఆ ఇంటూ మార్కు కొట్టేశాను. పక్కన రైటు పెట్టాను. రెండోది తీయబోతుంటే ప్యాకింగువాళ్లు వచ్చి కట్టలన్నీ ఎత్తుకెళ్లిపోయారు.

ఒక్కటే దిద్దగలిగాను. అది నీకు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పెన్ను కూడా అందులోనే పెట్టాను. రెండూ నీ దగ్గరే ఉంచు.

చెల్లి